సీసానికి సీసం రంగు

ఓవెన్ తలుపు తీయగానే మొహాన కొట్టే వాసన ఒకటుంది. కాలీ కాలని ప్లాస్టిక్‌కీ కొత్త గొడుగుకీ మధ్యస్తంగా ఉంటుంది. ఇవాళ పొద్దున కూడా కొట్టింది. ఒమాన్‌లోని మబేలాలో మా షెడ్డు పని గేట్లకూ కిటికీ చట్రాలకూ పొడి రంగు చల్లి, ఓవెన్‌లో కాల్చి, గట్టి తొడుగు వేయడం. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు గేట్లు గుర్తురావు, మూర్తిగారు గుర్తొస్తారు. కాకినాడ మనిషి, నేను చేరినప్పుడు మా సూపర్‌వైజర్. నేను రంగు చల్లిన మొదటి గేటును చుట్టూ తిరిగి చూసి, "రంగు బాగానే పడిందయ్యా. గేటు మీద కూడా కాస్త పడుంటే ఇంకా బావుండేది" అన్నారు.

శుక్రవారాలు నన్ను సీబ్ సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళేవారు. అక్కడ ఖమీస్ అని ఆయన స్నేహితుడు, ముసలి ఒమానీ జాలరి. గాలపు తాడుకు బరువుగా కట్టే సీసం గుండ్లను ఇంటి పెరట్లోనే కరిగించి పోసుకునేవాడు. పడవలో రెండు చేతులకూ తాడుతోనే పని గనక, దర్జీ గుండుసూదుల్ని పెట్టుకున్నట్టు ఆ గుండ్లను బుగ్గన పెట్టుకునేవాడు. మూర్తిగారికి పద్యాల పిచ్చి. ఆ బుగ్గను చూపించి, "సీసం నోటికి రావాలి గానీ నోట్లోకి పోకూడదయ్యా" అన్నారు నా చెవిలో. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు. ఆ మధ్య ఖమీస్ కడుపునొప్పి అంటున్నాడు, మణికట్టులో పట్టు తప్పుతోందంటున్నాడు. సీసం ఒంట్లోకి చేరితే ఇలాగే మొదలవుతుందని మూర్తిగారి భయం. రక్తపరీక్ష మాటెత్తితే చాలు, ఖమీస్ అరబ్బీ హిందీ కలగలిపి కొట్టిపారేసేవాడు: "మా బాబా కూడా ఇలాగే పెట్టుకున్నాడు. చచ్చింది చేపలు, బాబా కాదు!"

ముందు చేతికైనా సీసం అంటకుండా చేద్దామన్నారు మూర్తిగారు. షెడ్డు వెనక తిండికి వాడని పాత చిన్న ఓవెన్ ఉండేది. దాని వేడికి పొడి రంగు కరిగి అతుక్కుంటుంది, సీసం మాత్రం కరగదు. ఏదో గేటుకు వాడగా మిగిలిన పసుపు రంగు చల్లి, గుండ్లను కాల్చి పట్టుకెళ్ళాం. ఖమీస్ డబ్బా మూత తీసి ఒడ్డు మీదున్న వాళ్ళందర్నీ కేకేసి పిలిచాడు. "మూర్తీ, యే క్యా హై? హల్వా దుకాణం పెట్టావా? వీటిని చూస్తే చేపలు గాలానికి రావు, పెళ్ళికొస్తాయి!" ఒడ్డంతా నవ్వింది. డబ్బా మా చేతికి తిరిగొచ్చింది.

కారులో నేను తత్వం చెప్పాను. "వదిలేయండి సార్, ఆయనే వద్దన్నాడుగా."

"ఏం వద్దన్నాడు?"

"గుండ్లు."

"కాదయ్యా, పసుపు వద్దన్నాడు. మనల్ని వద్దన్లేదు కదా!"

ఈసారి సీసానికి సీసం రంగే వేయాలన్నారు. నలుపూ తెలుపూ కలిపితే బూడిద రంగొస్తుందని చిన్నప్పట్నుంచీ నమ్మినవాణ్ణి, ఆ రెండు పొడులూ కలిపి చల్లేశాను. పొడి రంగులు అలా కలవవట. కాల్చి తీస్తే నువ్వుండల్లా వచ్చాయి. "రుచి మాత్రం చూడకు" అన్నారు మూర్తిగారు. చివరికి కిటికీల పనిలో మిగిలిన, మెరుపు లేని బూడిద రంగు దొరికింది. ఖమీస్ పోసిన కొత్త గుండ్లను జిడ్డు పోయేలా కడిగి, తీగలకు వేలాడదీసి, తాడు దూరే కన్నం అంచుకు కూడా పొడి పడిందో లేదో ఒక్కొక్కటీ తిప్పి చూశారాయన. కాల్చి తీస్తే అచ్చం ఉత్త సీసమే. "ఇంత చేసీ ఏమీ చేయనట్టుందండీ" అని వాపోయాను. "హమ్మయ్య" అన్నారు.

మరుసటి శుక్రవారం ఖమీస్ ఒక గుండు తీసి అరచేతిలో ఎగరేసి చూశాడు. "నేనిచ్చినవే మళ్ళీ నాకిస్తున్నావా?" ముసలాయన తన జేబులోని పాత గుండు తీసి ఒంటి మీది తెల్లటి పొడుగు అంగీ, దిష్‌దాషా, చేతి మీద గీశాడు. నల్లటి చార పడింది. దాని పక్కనే మా గుండు గీశాడు. ఏమీ పడలేదు. ఇంకా గట్టిగా రుద్దాడు. ఏమీ లేదు. ఆ నల్లచారను చాలాసేపు చూశాడు. తర్వాత అలవాటు కొద్దీ మా గుండును నోటి దగ్గరకు తీసుకుపోయాడు. మూర్తిగారు చటుక్కున ఒక ఖర్జూరం అందించారు. "చేతికి అది. నోటికి ఇది." ఖమీస్ ఆయన్ని తేరిపార చూసి, గుండు డబ్బాలో పడేసి, ఖర్జూరం బుగ్గన పెట్టుకున్నాడు. పడవ తాడు విప్పుతూ విప్పుతూ, ఎవరితోనూ కానట్టు అడిగాడు: "ఆ రక్తం పరీక్ష... ఎక్కడ చేస్తారు?"

మర్నాడు మూర్తిగారే దగ్గరుండి తీసుకెళ్ళారు. రక్తంలో సీసం ఉంది గానీ చేయి దాటలేదన్నారు డాక్టరు. కొన్నాళ్ళకు ఖమీస్ మణికట్టు మళ్ళీ తాడు మాట వినసాగింది.

మూర్తిగారు పని విరమించి కాకినాడ వెళ్ళిపోయారు. ఆయన కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను, కుర్చీకి అలవాటయ్యాను గానీ కుర్చీ నాకు ఇంకా అలవాటు కాలేదు. మొన్న జగిత్యాల రాజన్న మాస్క్ లేకుండా పొడి చల్లుతున్నాడు. నాకంటే పెద్దవాడు, ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పానో. నోటిదాకా వచ్చిన కేక మింగి, దగ్గరకెళ్ళి అడిగాను.

"రాజన్నా, మాస్క్ వద్దా, ఈ మాస్క్ వద్దా?"

చల్లుడు ఆపి నా వైపు అనుమానంగా చూశాడు. "ఇదే వద్దు సార్. దీని రబ్బరు చెవులు కోస్తున్నది."