మేకుకు వేలాడిన బెల్టు

మా పెద్దమ్మ ఇంట్లో కారు బెల్టు ఏదీ పారేసేవారు కాదు. అరిగి, లోపలి పళ్ళు పగిలి, అంచుల్లో దారాలు లేచిన బెల్టును పెదనాన్న తలుపు వెనక మేకుకు తగిలించేవాడు. కొత్త బెల్టు ఇంజనుకి, పాతది పెద్దమ్మకి. ఆ రబ్బరు పడ్డచోట చర్మం ఉబ్బి, పళ్ళ గుర్తులు వరసగా తేలేవి. ఆవిడ ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్లే తొడుక్కునేది.

ఆయన మెకానిక్. పెరట్లోనే షెడ్డు. పెళ్ళైన కొత్తలో ఒకరోజు ఆయన ఇంజనులో చేతులు పెట్టి ఉండగా, బ్యాటరీ నుంచి ఇంజనుకి కరెంటు వెళ్ళే టెర్మినల్ ఊడదీయడం ఆవిడ మరిచిపోయింది. ఎడమ చెవి మీద ఒక్కటిచ్చాడు.

"నా వేళ్ళు తెగితే నువ్వు పోషిస్తావటే? ముందు టెర్మినల్, తర్వాతే ఏదైనా!"

ఆ చెవిలో హోరు పోలేదు. ఆ పాఠమూ పోలేదు.

మా మామయ్య చనిపోతూ చెల్లెలైన పెద్దమ్మ పేరున రాసిచ్చిన పాత కారును ఆవిడ అద్దెకు తిప్పేది. చివరికి పక్క ఊరి ఫ్యాక్టరీలో పని దొరికింది. ఆడవాళ్ళను షిఫ్టులకు తీసుకెళ్ళి దింపాలి, ఉండటానికి గది ఇస్తారు. ఆ గదికి లోపలి గడియ ఉందని ఆవిడ రెండుసార్లు చూసుకుని వచ్చింది. ఒకటే ఇబ్బంది, ఇంజను బెల్టులు రెండూ అరిగి కారు కీచుమని అరుస్తోంది.

"ఈ అరుపుకి ఊరంతా లేస్తుందమ్మా. బాగుచేయించుకుని రేపు రండి. లేకపోతే ఇంకొకళ్ళని చూసుకుంటాం" అన్నాడు సూపర్‌వైజరు.

"నేను మార్చను. ఎలా పోతావో చూస్తా" అన్నాడు పెదనాన్న.

ఆవిడే రెండు బెల్టులూ కొనుక్కొచ్చింది. మధ్యాహ్నం ఆయన పడుకున్నాక బానెట్ ఎత్తి, తాళం నడుముకు దోపుకుని, ముందుగా టెర్మినల్ ఊడదీసింది. బయటివైపున్న ఏసీ బెల్టు తీసింది. బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ బోల్టు వదులు చేసి, ఇనప రాడ్డుతో దాన్ని లోపలికి నెట్టి, రెండో బెల్టూ లాగింది. కొత్తది పుల్లీ చక్రం గాడిలో సరిగ్గా కూర్చోలేదు. కుడిచేతి నాలుగు వేళ్ళూ బెల్టుకీ పుల్లీకీ మధ్య దూర్చి సర్దుతోంది.

డ్రైవరు తలుపు తెరుచుకున్న చప్పుడు. తర్వాత తాళం తిరిగిన చిన్న "టిక్."

పెదనాన్న దగ్గర ఇంకో తాళం ఉంది.

ఇంజను కదల్లేదు. మళ్ళీ టిక్. మళ్ళీ. ఒక్కసారైతే పొరపాటని సర్దిచెప్పుకునేదాన్నేమో, మూడుసార్లు తిప్పాడే అమ్మా, అంటుంది పెద్దమ్మ ఇప్పటికీ.

ఆయన దిగి వచ్చి, ఊడి ఉన్న టెర్మినల్ చూసి నవ్వాడు.

"నా దగ్గర నేర్చుకుని నా మీదే వాడతావా?"

బానెట్‌కి ఊతంగా ఉన్న కడ్డీని లాగేశాడు. బానెట్ దభీమని ఆవిడ భుజం మీద పడింది. దాన్ని వీపుతో పైకి నెట్టుకుంటూ బయటపడేసరికి ఆయన చేతిలో ఆవిడ అప్పుడే ఊడదీసిన పాత బెల్టు ఉంది. మొదటి దెబ్బ మెడ మీద పడింది. రెండోదానికి చెయ్యి లేచినప్పుడు ఆవిడ రాడ్డు ఎత్తి మణికట్టు మీద కొట్టింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆయన కూలబడి కేకలు పెట్టాడు.

గోడ మీంచి పక్కింటావిడ తొంగిచూసింది. ఇన్నేళ్ళలో పెద్దమ్మ కేకలకి ఒక్కసారీ చూడని మనిషి.

"అయ్యయ్యో! మొగుడి మీద చెయ్యి చేసుకున్నావా?"

"చెయ్యి కాదండీ, రాడ్డు. మీరు లోపలికెళ్ళండి."

"ఒసేయ్, ఆస్పత్రికి తీసుకెళ్ళవే! ప్రాణం పోతోందే!" అన్నాడాయన.

"బెల్టు లేకుండా బండి తీయకూడదని మీరేగా చెప్పారు. కూర్చోండి."

కూర్చున్నాడు. అదే రాడ్డుతో ఆవిడ ఆల్టర్నేటర్‌ని బయటికి ఎత్తిపట్టి, బోల్టు బిగించింది. బొటనవేలితో బెల్టు మధ్యలో నొక్కి బిగువు చూసింది. కొంచెం వదులుగా తోస్తే విప్పి మళ్ళీ బిగించింది. ఆయన ఏడుస్తూనే ఉన్నాడు. తర్వాత ఏసీ బెల్టు వేసింది. పాత బెల్టులు రెండూ, తలుపు వెనక మేకుకున్నదీ తెచ్చి, ఆయన ఎదురుగానే రంపంతో ముక్కలు కోసింది. టెర్మినల్ బిగించి, బట్టల సంచి వెనక సీట్లో పడేసింది.

ఆస్పత్రి గేటు దగ్గర ఆపి, "దిగండి" అంది.

"లోపల ఏం చెప్పమంటావ్?"

"మెట్ల మీంచి పడ్డానని చెప్పండి. నేను చెప్పినప్పుడల్లా డాక్టర్లు నమ్మారు."

"మరి ఇంటికెలా రాను?"

ఆవిడ గేరు వేసింది. ఊరు దాటాక గానీ గమనించలేదు. కారు అరవడం లేదు. ఆ అరుపులో ఇన్నాళ్ళూ కలిసిపోయిన ఎడమ చెవి హోరు ఒక్కటే, స్పష్టంగా, ఫ్యాక్టరీ దాకా ఆవిడతో వచ్చింది.