తక్కువ మంది ఉన్న ఆట

లైను పొట్టిగా ఉన్నచోట నిలబడటం బాలరాజుకు పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు, దెబ్బ తిని నేర్చుకున్న బుద్ధి. మోత్కూరు పక్క పల్లెలో కుర్రతనంలో కబడ్డీ ఆడేవాడు. కూతకు వెళ్తే ఇద్దరిని ముట్టందే వెనక్కి వచ్చేవాడు కాదు. నల్లగొండలో జిల్లా జట్టు ఎంపికలని తెలిసి ఆశగా పోతే, పన్నెండు చోట్లకు మూడు వందల మంది వచ్చి కూర్చున్నారు. పొద్దున్నుంచి ఎండలో మాడ్చి, అతని వంతు వచ్చేసరికి జట్టు నిండిపోయింది పొమ్మన్నారు. ఒక్క కూతకైనా వెళ్లనివ్వలేదు.

ఆ కచ్చతోనే పట్నం వచ్చి నాచారం దారం ఫ్యాక్టరీలో చేరాడు. పెళ్లయింది, అద్దె గది మారింది, కచ్చ మాత్రం అలాగే ఉంది. రేషన్ షాపైనా, దవాఖానా అయినా, రైలు టికెట్టైనా, జనం తక్కువున్న కిటికీని వెతుక్కుని నిలబడేవాడు. ఒక్కోసారి అది వేరే పనికి పెట్టిన కిటికీ అయ్యేది. భార్య రాములమ్మ నవ్వాపుకోలేకపోయేది.

"పొట్టి లైను మంచిగనే దొరికింది గానీ, అండ్ల మన సరుకు లేదంటనా?" అనేది.

వాళ్లకు ఒక్కతే కూతురు, సంతోషి. ఆ పిల్ల నడిచింది తక్కువ, ఉరికింది ఎక్కువ. ఉప్పు తెమ్మంటే ఉరుకు, బడికి ఉరుకు, పనేమీ లేకున్నా ఉరుకే. ఎనిమిదో తరగతిలో ఉండగా బడిలో ఆటల సారు నరసింహమూర్తి బాలరాజును పిలిపించాడు.

"మీ బిడ్డను ఎనిమిది వందల మీటర్లు ఉరికిస్తనన్నా. పిల్ల కాళ్లల్ల మస్తు సత్తువుంది. కాకుంటే తొందరపడొద్దు, నాలుగైదేండ్లు పడ్తది" అన్నాడు.

అది రెండు వేల నాలుగు. ఉప్పల్లో క్రికెట్ స్టేడియం లేస్తోంది. రామంతాపూర్ నుంచి చెంగిచెర్ల దాకా ఏ ఖాళీ జాగా చూసినా పిల్లలు బ్యాట్లు పట్టుకుని కనిపించేవారు. ఆటలో పైకొస్తే సర్కారు కొలువు దొరుకుతుందన్న మాట ఫ్యాక్టరీ గేటు ముందు టీ కొట్టులో రోజూ నలిగేది. బాలరాజు ఆ మాట పట్టుకున్నాడు. అందరూ ఏ ఆట మంచిదని అడిగితే, అతను ఏ ఆటలో జనం తక్కువని అడిగాడు.

జిల్లా పోటీల రోజు సెలవు పెట్టి వెళ్లాడు. మైదానం వైపు కన్నెత్తి చూడలేదు. గోడకు అంటించిన కాగితాల ముందు నిలబడి పేర్లు లెక్కపెట్టాడు. వంద మీటర్లలో డెబ్బై దాటారు. ఎనిమిది వందల్లో నలభై ఏడుగురు. అన్నిటికన్నా కింద, మూడు కిలోమీటర్ల నడక పందెం అని రాసిన కాగితం మీద అయిదు పేర్లే ఉన్నాయి. అయిదుగురిలో ముగ్గురికి పతకాలు. బాలరాజుకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

నరసింహమూర్తి సారు తల పట్టుకున్నాడు. "అయిదుగురే ఎందుకున్నరో ఆలోచించినవా అన్నా? గది మనం నడిచే నడక గాదు. ముందుకేసిన మోకాలు వంగొద్దు, రెండు పాదాలు ఒక్కపారి నేల ఇడువొద్దు. ముగ్గురు జడ్జీలు తప్పు రాస్తే బయటికే. నీ బిడ్డేమో గాలిల తేలే పిల్లాయె."

"మూడు వందల మంది నడుమ కూసుంటే తెలుస్తుండె సార్ మీకు" అన్నాడు బాలరాజు. అంతటితో ఆ మాట ముగిసింది.

ఇక్కడ బాలరాజును నాలుగు తిట్టాలనిపిస్తుంది. కానీ అతని తప్పులో కూడా ప్రేమే ఉంది, అదే వచ్చిన చిక్కు. తను ఎండలో కూర్చున్నట్టు కూతురు కూర్చోకూడదనుకున్నాడు. తెల్లవారుజామునే ఆమెను లేపి, తాను సైకిలు మీద వెనకాల వస్తూ, మల్లాపూర్ మీదుగా చర్లపల్లి ఫ్యాక్టరీల దాకా నడిపించేవాడు. ఆ నడకలో నడుము అటూ ఇటూ ఊగుతుంది. షిఫ్టుకు పోయేవాళ్లు ఆగి నవ్వేవారు, ఒకడైతే ఆమె వెనకే నడుము తిప్పుకుంటూ నడిచి చూపించాడు. పదమూడేళ్ల పిల్ల సిగ్గుతో సగమైపోయేది. అయినా తండ్రి మాట కాదనలేదు. నడక వచ్చేసింది కూడా.

ఒక్కటే ఇబ్బంది. ముందు రోడ్డు ఖాళీగా కనిపిస్తే చాలు, కాళ్లు ఆమె మాట వినేవి కావు. వంద గజాలు దూసుకుపోయి, అక్కడ నిలబడి, వెనక్కి తిరిగి నవ్వేది. బడిలో ఖోఖోలో కూడా ఉరుకుతోందని తెలిసిన రోజు బాలరాజుకు ఒళ్లు మండింది. సాయంత్రం ఆమెను కూర్చోబెట్టి, ఆమె చేయి తీసి తన తల మీద పెట్టుకున్నాడు.

"నా మీద ఒట్టెయ్యి. ఇగ ఉరకనని చెప్పు."

రాములమ్మ వంట వదిలేసి వచ్చింది. "పసిపిల్లతోని గట్లాంటి ఒట్లేందయ్యా? తప్పితే ఎవలకు తగుల్తదో ఎరుక లేదా నీకు?"

"తప్పొద్దనే గద ఏయిస్తున్న."

సంతోషి తల్లి మొహం చూసింది, తండ్రి మొహం చూసింది. ఒట్టు వేసింది. ఆ రోజు నుంచి ఉరకలేదు. బస్సు కదిలిపోతున్నా నడిచే వెళ్లేది, అది పోతే ఇంకోదాని కోసం నిలబడేది. వాన పట్టుకున్నా తడుస్తూ నడిచే ఇంటికొచ్చేది. బిడ్డకు ఎంత పట్టుదల వచ్చిందోనని బాలరాజు మురిసిపోయి, ఫ్యాక్టరీలో అందరికీ చెప్పుకునేవాడు.

లైను పొట్టిదే కాబట్టి పని కూడా తొందరగానే అయింది. జిల్లాలో మొదటి స్థానం, రాష్ట్రంలో రెండో స్థానం. పదహారేళ్లకు జాతీయ పోటీలకు ఎంపికైంది. ఉత్తరాదిన ఎక్కడో పోటీలు. జట్టు ఒక పెట్టెలో, బాలరాజు జనరల్ పెట్టెలో. మొదటి మూడు స్థానాల్లో వస్తే కొలువు ఖాయమని ఎవరో చెప్పారు. రైలు దిగేదాకా అతను నిద్రపోలేదు.

చివరి చుట్టుకు సంతోషి మూడో స్థానంలో ఉంది. అప్పటికే ఇద్దరు జడ్జీలు ఆమె పేరున తప్పు రాశారు. వెనక నాలుగో పిల్ల అడుగడుగుకూ దగ్గరవుతోంది. కంచె పట్టుకుని బాలరాజు అరిచాడు. "సంతోషీ, జర తియ్యి బిడ్డా, ఇంకా జర!" తండ్రి గొంతు చెవిన పడిందో, ఒళ్లు అలిసి పట్టు తప్పిందో, ఆమె కాళ్లు నేల విడిచాయి. ఒకటి రెండు అడుగులు కాదు, చిన్నప్పటి ఉరుకే. రెండో పిల్లను దాటింది, మొదటి పిల్లనూ దాటింది. పోటీ నుంచి తీసేశామని చూపే ఎర్ర పలక పట్టుకున్న మనిషి ఎదురొచ్చి నిలబడితే గానీ ఆగలేదు.

ఆగాక ఆమె ఆ పలక వైపు చూడలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని తండ్రిని చూసింది. బాలరాజు మొహం తిప్పుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో కాజీపేట దగ్గర ఆమె అతని పెట్టెలోకి వచ్చి పక్కన కూర్చుంది. "నాయినా, నీకేమన్న అయితుందా? పానం మంచిగుందా?" అంది.

"కావాల్సింది అయిపాయె. ఇగ నన్ను పలకరియ్యకు" అన్నాడు బాలరాజు. పతకం పోయిన బాధ గురించే కూతురు అడుగుతోందనుకున్నాడు. నెలరోజులు మాట్లాడలేదు. తర్వాత మామూలైపోయాడు.

నరసింహమూర్తి సారు ఒకసారి ఇంటికొచ్చి, ఇప్పటికైనా ఉరికిద్దామన్నాడు. సంతోషి చేతులు జోడించి వద్దంది. కారణం చెప్పలేదు. డిగ్రీ మధ్యలో మానేసి ఉప్పల్లో ఒక బట్టల దుకాణంలో చేరింది. తొమ్మిది గంటలు నిలబడే పని. ఇంటి దగ్గర బాలరాజు దగ్గితే చాలు, చేతిలో ఉన్నది కింద పెట్టి అతనికేసి చూసేది. ఇంత ప్రేమగల బిడ్డ ఎవరికుంటుందని అతను సంబరపడేవాడు.

కొత్త రాష్ట్రం వచ్చిన వారమే, వీధుల్లో చల్లుకున్న గులాల్ ఇంకా చెదిరిపోకముందే, బాలరాజు ఫ్యాక్టరీలో గుండె పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానాలో మూడో రోజుకు తేరుకున్నాడు. కళ్లు తెరిచేసరికి సంతోషి మంచం అంచున తల పెట్టి ఏడుస్తోంది.

"నా వల్లనే నాయినా. ఆ దినం ఉరికిన గద. ఏడేండ్ల సంది ఎదురుసూస్తున్న, ఎప్పుడు తగుల్తదో అని."

"ఏం ఉరుకుడు బిడ్డా? ఏం తగులుడు?" నిజంగానే అతనికి అర్థం కాలేదు.

"నీ తల మీద చెయ్యి పెట్టిచ్చి ఒట్టేయించినవ్ గద."

అతను ఆ ఒట్టు మరిచిపోయి ఎన్నాళ్లో అయింది. పతకం పోయిందని బాధపడ్డాడు, కొలువు పోయిందని బాధపడ్డాడు, ఒట్టు సంగతి ఒక్కనాడూ తలుచుకోలేదు. రైల్లో ఆమె అడిగిన మాట ఇప్పుడు అర్థమైంది. దగ్గినప్పుడల్లా ఆమె కళ్లలో ఉన్నది ప్రేమొక్కటే కాదని, వణుకు కూడా ఉందని తెలిసొచ్చింది. ఫ్యాక్టరీలో గుండెలో లేచిన నొప్పి కూడా దీని ముందు చిన్నదే. అతను వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన బిడ్డా. నాకు యాదే లేదు. గిది నేను తాగిన బీడీలు జేసిన పని, గంతే. నీ తప్పేం లేదు. నువ్వు ఉరుకు. రేపే ఉరుకు, యాడనన్న ఉరుకు."

సంతోషి కళ్లు తుడుచుకుంది. అతని దుప్పటి సరిచేసి, కాసేపు తన కాళ్ల వైపు చూసుకుంది.

"ఇరవై మూడేండ్లొచ్చినయి. ఇగ ఇప్పుడు ఉరికి యాడికి పోవాలె నాయినా?"

ఆమె కోపంతో అనలేదు. దారి తెలియని మనిషి అడిగినట్టు అడిగింది.