తనకోసం దాచుకున్న టైర్లు

వారమంతా లారీ టైర్లకు పంక్చర్లు వేసుకునే ఆ మనిషిని ఆదివారం రేస్ ట్రాక్ దగ్గర అందరూ "ఆగాగు" అని పిలిచేవారు. ఎవరైనా కొత్త టైర్లు బిగించుకుని హుషారుగా కారు ఉరికించబోతే చాలు, "ఆగాగు, ఆగాగు!" అంటూ చేతులూపుకుంటూ పరిగెత్తుకొచ్చేవాడు. నవ్వేవాళ్లు నవ్వుకునేవారు. నాలుగు ఆదివారాలు తిరక్కుండానే వాళ్ల టైర్లు బోడిగుండ్లయ్యేవి. ఇతను చూసుకునే కారు టైర్లు సీజన్ సగం దాటినా పట్టు వదిలేవి కావు.

ఆ కారు అతని బావది. వెనక సీట్లు పీకేసిన పాత బండి, సరదా రేసులకే. నడిపేది బావ, చప్పట్లు బావకి. టైర్ల చాకిరీ మాత్రం ఇతనిది. కొత్త రబ్బరును మొదటిసారి మెల్లగా తిప్పి వేడెక్కించి, తర్వాత ఒక రోజంతా కదపకుండా ఉంచాలంటాడు. అలా ఉంచితేనే అది గట్టిపడి ఎక్కువ కాలం నిలుస్తుందట. చివరి రౌండు ఎప్పుడూ నెమ్మదిగా నడిపి చల్లార్చాలి. ఒక అంచు అరిగితే టైరును రిమ్ము మీద తిరగేసి బిగించాలి. ఎండ తగలకుండా నల్ల కవర్లో పెట్టి, మూతిని మూడు మడతలు వేసి కొస లోపలికి దోపాలి. ఆ మడత బావకు ఎన్నిసార్లు చూపించినా మూతి నులిమి పడేసేవాడు. ఓపిగ్గా నేర్చుకున్నది అక్క ఒక్కతే. అమ్మ పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది కూడా ఆవిడే.

"ఇన్నాళ్లూ నాకోసం ఒళ్లు హూనం చేసుకున్నావురా బామ్మర్దీ. ఈసారి సీజన్ చివరి రేసు నీదే!" అన్నాడు బావ ఒకరోజు, పదిమందిలో వీపు చరిచి.

అంతే, ఆగాగుకు కాలు నిలవలేదు. జీవితంలో ఒక్కసారైనా ఆ స్టీరింగ్ పట్టుకుని రేసులో దిగాలని అతని ఆశ. తనే ఒక కొత్త టైర్ల సెట్టు కొనుక్కున్నాడు. రేసుకు రెండు రోజుల ముందు కోడిగుడ్ల బుట్ట మోస్తున్నంత జాగ్రత్తగా వాటిని ట్రాక్ మీద తిప్పాడు. కవర్లలో పెట్టి, బావ ఇంటి షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి అక్క చేతికిచ్చాడు.

"రేపంతా వీటి జోలికి ఎవరూ వెళ్లకూడదక్కా."

"నేనున్నానుగా. నువ్వు నిశ్చింతగా పనికి వెళ్లు."

మర్నాడు సాయంత్రం పని నుంచి వస్తూ షెడ్డులోకి తొంగి చూశాడు. మడతలు చెక్కుచెదరలేదు. "చూశావా, ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి," అంది పక్కనే నిలబడ్డ అక్క. ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాడు, పిచ్చివాడు!

రేసు రోజు పొద్దున ట్రాక్ దగ్గర మొదటి కవరు విప్పాడు. రబ్బరు మాడి నీలం తిరిగింది. అంచులు పెచ్చులూడిపోయాయి. రెండోదీ అంతే. మూడోది విప్పడానికి చెయ్యి రాలేదు.

బావ ఎటో చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "నిన్న మావాళ్లు వచ్చార్రా. మోజుపడుతుంటే వీటిని బిగించి కాసేపు తిప్పాను. దానికే అంత మొహం పెడతావేంటి? నీ చేతుల్లో టైరన్నది చావదు కదా, ఏదో ఒకటి చెయ్యి."

అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ బావ సంగతి కొత్తదా? ఆయన మాట నీటిమూట అని ఊరందరికీ తెలుసు. ఆగాగు చూపు మూడో కవరు మడత మీద నిలిచిపోయింది. బావే కట్టి ఉంటే మూతి నులిమి ఉండేది, నిన్న సాయంత్రమే తెలిసిపోయేది.

"ఇవి నువ్వు మడిచావా అక్కా?"

అక్క తల దించుకుంది. "వాళ్ల ముందు ఆయన చిన్నబోతారని తాళం ఇచ్చాన్రా. నువ్వు చూస్తే గొడవవుతుందని... నువ్వయితే సర్దుకుంటావులే అనుకున్నాను."

బావ మోసం చేస్తే కోపమొచ్చింది. అక్క చేస్తే ఏడుపొచ్చింది. అన్నం కలిపి పెట్టిన చెయ్యి, తను నేర్పిన మడతనే తన కళ్లు కప్పడానికి వాడుకుంది.

మైకులో పేర్లు పిలుస్తున్నారు. "పద పద, వాటితోనే నడిపెయ్యి," అన్నాడు బావ. ఆ టైర్లు రెండో మలుపు కూడా దాటనివ్వవని అక్కడ తెలిసింది ఒక్క ఆగాగుకే. అతను కారు వైపు చూడలేదు. ఖాళీ కవర్లు తీసి దుమ్ము దులిపి అక్క చేతుల్లో పెట్టాడు.

"ఇక మీదట నువ్వే మడిచిపెట్టక్కా. నాకంటే బాగా వచ్చింది నీకు."