అత్త ఆరబెట్టని మడి

మొన్న బందరులో మా మేడ మీద కుండీలో పెంచుతున్న వంగమొక్క, గాలీ వానా ఏమీ లేకుండానే, కాయలతో సహా పక్కకి ఒరిగిపోయింది. తీసి చూద్దును కదా, వేళ్లన్నీ పైపైనే చాపలా అల్లుకుని ఉన్నాయి. రెండు పూటలా చెంబుల కొద్దీ నీళ్లు పోసింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. నవ్వకండి, ఒకప్పుడు ఊళ్లవాళ్లకి ఈ పాఠమే చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి.

గ్రామసేవకుడి ఉద్యోగంలో కొత్తగా చేరి గుడ్లవల్లేరు చుట్టుపక్కల సైకిలు మీద తిరిగే రోజులవి. వరిని ఒత్తుగా గుచ్చేయకుండా తాడు పట్టి జానెడు ఎడంతో వరసల్లో నాటమనీ, పిలకలు వేశాక నీళ్లు తీసేసి నాలుగు రోజులు మడిని ఆరనిస్తే వేళ్లు తడి వెతుక్కుంటూ లోతుకి దిగుతాయనీ చెప్పేవాణ్ణి. కాలువ నీళ్ల వంతు కోసం తగువులాడుకునే మనుషులకి, వచ్చిన నీళ్లు బయటికి వదలమంటే ఎలా ఉంటుంది? మర్యాదగా మజ్జిగ ఇచ్చి పంపేసేవారు. చివరికి, మావయ్య పోయాక ఎకరం చేనుతో నెట్టుకొస్తున్న మా మేనత్త నా ముఖం చూసి ఒప్పుకుంది. అది దెబ్బతింటే ఆమెకి ఏడాది తిండిగింజలు ఉండవని తెలిసి కూడా ఒప్పించాను, ఆ వయసు ధీమా అలాంటిది. నాట్లకి వచ్చిన ఆడవాళ్లు, "ఇంత ఎడమైతే మధ్యలో మంచం వాల్చుకోవచ్చండీ" అని నన్ను ఆటపట్టించారు.

చేను రెండు మళ్లు. నీళ్లు తీసిన మూడోనాటికి నేల సన్నగా నెర్రెలిచ్చింది, దారినపోయేవాళ్లు ఆగి అత్తని పరామర్శించి వెళ్లారు.

కోతలకి ముందు సముద్రం వైపు నుంచి గాలివాన కొట్టింది. వెలిసీ వెలియకముందే సైకిలెక్కాను. దారి పొడవునా పడిపోయిన చేలను చూస్తూ ఇంకా గట్టిగా తొక్కాను. తీరా వెళ్తే అత్త పైమడి నిలబడే ఉంది, పల్లపు మడి మాత్రం నేలకి కరుచుకుపోయింది. ఒకే నారు, ఒకే ఎడం, నాకేమీ పాలుపోలేదు. అత్త రెండు మళ్లలోనూ చెరో కుదురు పారతో పెళ్లగించి, పిల్లకాలువలో కడిగి గట్టు మీద పక్కపక్కన పెట్టింది. పైమడి వేళ్లు తెల్లగా జానెడు దాటి ఉన్నాయి. రెండోవి నల్లబడి బెత్తెడు లేవు.

"పైరు ఎండుతుంటే చూడలేకపోయానురా అబ్బాయ్. నువ్వటు వెళ్లగానే ఈ మడికి నీళ్లు పెట్టేశాను" అంది తల వంచుకుని.

కోపం రాలేదు సరికదా, నన్ను నమ్మినంత మేరా ఆమె పంట నిలిచిందని కళ్లు చెమర్చాయి. పడిన దుబ్బుల్ని ఇద్దరం లేపి కట్టాం, ఏడాది తిండికి లోటు రాలేదు. మరుసటేడు పక్క చేలవాళ్లు తాడు కోసం అత్త ఇంటికే వచ్చేవారు.

ఆ ఎకరం ఇప్పుడు చేపల చెరువు. పోయినేడు అటు వెళ్తూ బస్సులోంచి చూశాను, పన్నెండు నెలలూ గట్టు నిండా నీళ్లేనట. అత్తే బతికి ఉంటే అన్ని నీళ్లు చూసి మొదట మురిసిపోయేదే. ఆ తరవాత, ఇందులో పైరేదిరా అని నన్నే అడిగేది.