రాజులిద్దరే మిగిలిన ఆదివారం

ఆదివారమంటే నాకు భయం వేసే రోజులుండేవి. కాకినాడ నుంచి వచ్చి మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరిన కొత్త. వారంలో ఐదు రోజులు ఆఫీసు మింగేసేది, శనివారం బట్టలు ఉతుక్కునేవాణ్ణి. ఆదివారం మాత్రం హాస్టల్ గదిలో ఫ్యాన్‌తో తప్ప మాట్లాడే దిక్కుండేది కాదు (అదీ నా మాట వినకుండా ఒకే వేగంతో తిరిగేది). అందుకే కంపెనీల మధ్య చెస్ పోటీ అనగానే అందరికంటే ముందు పేరిచ్చాను. కాలేజీలో ఛాంపియన్‌ని లెండి, ఆ మాత్రం గర్వం ఉండేది.

చివరి రౌండులో నాకు ఎదురైనాయన్ని అందరూ 'గోడ సార్' అనేవారు. నలభై దాటిన మనిషి, వరంగల్ వైపు. ఆయనతో ఆడటమంటే గోడకు తల బాదుకోవడమేనట. రెండు గంటల ఆట తర్వాత చెరో ఏనుగు, చెరో రెండు బంట్లు మిగిలాయి. ఆ దశలో ఎవరైనా డ్రా అనుకుని చేతులు కలిపేస్తారు. నేను చెయ్యి చాపలేదు. ఆయనా చాపలేదు. పోటీ పెట్టిన హెచ్చార్ అమ్మాయి వచ్చి, "సార్, ప్లీజ్, డ్రా చేస్కోండి సార్. ప్రైజులియ్యాలె, ఇగ క్యాంటీన్ గూడ బంద్ చేస్తరు" అని బతిమాలింది. మేం తలెత్తలేదు. "పోరాటమంటే అదీ!" అని వెనక ఎవరో గుసగుసలాడారు (నా పోరాటమంతా గదికి వెళ్ళకుండా ఉండటానికని వాళ్ళకేం తెలుసు).

ఆ పరాకులో ఒక పిచ్చి ఎత్తు వేశాను. ఆయన బంటును ఒక్క గడి ముందుకు నెడితే నా పని సరి. ఆయన చాలాసేపు చూసి, ఏనుగును పక్కకు జరిపారు. మరో గంటకు బోర్డు మీద రాజులిద్దరే మిగిలారు. డ్రా. హెచ్చార్ అమ్మాయి మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టింది.

కింద చాయ్ బండి దగ్గర అడిగాను. "బంటు నెడితే గెలిచేవారు కదండీ, చూడలేదా?"

"చూసిన తమ్మీ," అన్నారాయన గ్లాసులోకి చూస్తూ. "గెలిస్తే ఆట అయిపోతది గద. ఆదివారం ఇంటికి పోయి ఏం జెయ్యాలె?"

నేనూ అందుకేనండీ అనబోయి, చాయ్ వేడిగా ఉందన్నాను. ఆయన అవునన్నారు. ఖాళీ గ్లాసులు పట్టుకుని ఇద్దరం ఇంకాసేపు నిలబడ్డాం. తర్వాత ఆయన బైకెక్కారు. ఫోన్ నంబరు అడగడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది. మరుసటేడు పోటీ పెట్టనే లేదు (కారణం మేమేనని నా అనుమానం).

నాలుగెత్తులు ముందే లెక్కగట్టగలనని విర్రవీగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. "అడగరా వెర్రివాడా, ఆయన ఇంకా మలుపు దాటలేదు" అని వాడి భుజం తట్టాలనిపిస్తుంది.