బూజు పట్టిన బస్తాల కోసం గురజాల దాకా

విదేశాలకు సరుకు పంపే చిన్న కంపెనీల మీద నా పరిశోధన. రెండు కంపెనీలు దొరికాయి. మూడోది సోమవారం లోపల చూపించకపోతే అంశమే మార్చుకోమని మా ప్రొఫెసరు గారు తెగేసి చెప్పారు. రెండేళ్ళ చాకిరీ గంగలో కలిసేట్టుంది. అందుకే శనివారం ఉదయం ఆరింటికి గుంటూరులో మాచర్ల బండి ఎక్కాను. మూడో తరగతి పెట్టె; కూర్చోడానికి చోటు దొరికేసరికి నరసరావుపేట రానే వచ్చింది!

ఎనిమిదిన్నరకు దిగి, నాలుగణాలకు ఇడ్లీ, కాఫీ కానిచ్చి, నా జాబితాలో మొదటిదైన మిర్చి కంపెనీకి వెళ్ళాను. ‘ఎగుమతిదారులు’ అని నిలువెత్తు బోర్డు. యజమాని సోడా తెప్పించారు, గోడమీది ఓడ బొమ్మ చూపించారు. సరుకు ఓడ ఎక్కించేది ఎవరండీ అంటే మాత్రం, “మద్రాసు సేటు చూసుకుంటాడు. ఏ దేశం పోద్దో మనకెందుకండీ?” అన్నారు. ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని అని ఏం లాభం? బోర్డు చూసి కంపెనీని ఎంచుకున్న నన్ను నేనే తిట్టుకున్నాను.

పదకొండు గంటల బండిలో పక్కన కూర్చున్న పొగాకు రైతు దగ్గర నా గోడు వెళ్ళబోసుకున్నాను.

“గురజాలలో దిగు. సుందరమ్మ గారని, బడి పంతులు గారి భార్య. ఆయన పోయినాక మిరపకాయల యాపారం పెట్టింది. తనే సొంతంగా ఓడకేయించింది. ఒక్కసారేలే,” అన్నాడాయన.

రెండుంబావుకు గురజాల. ఎండ మాడు పగలగొడుతోంది. సుందరమ్మ గారి కళ్ళంలో కాయల రాశి ఉంది, ఖాళీ బస్తాలున్నాయి, పనివాళ్ళు మాత్రం పందిరి కింద పడుకున్నారు. ఇదేం కంపెనీరా బాబూ అనుకున్నాను. నోరూరుకోక ఆ మాటే అడిగాను కూడా.

ఆవిడ నవ్వలేదు. “ఎండలో బస్తాకి తొక్కితే కాయ ఇరిగిపోద్ది. అందుకని మా వైపు అందరం నీళ్ళు చల్లి తొక్కుతాం. గుంటూరు పోయే సరుక్కి ఏం కాదు. మలయాకి పంపేదానిక్కూడా అట్టనే చల్లించా. ఓడలో అన్ని రోజులు మగ్గింది. ఆడ దించేసరికి బస్తా బస్తాకీ బూజు. ఇప్పుడు నీళ్ళు ముట్టం. తెల్లారగట్ల మంచు పదునుకి కాయ దానంతటదే మెత్తబడుద్ది, అప్పుడు తొక్కిస్తా.”

మలయాకి కొత్త నమూనా పంపి, జవాబు కోసం ఎదురుచూస్తున్నారట.

నాకు ప్రాణం లేచొచ్చింది. మూడో కంపెనీ ఇదే! అంతలోనే గుండెలో రాయి పడింది. బూజు సంగతి వదిలేస్తే నా పరిశోధన ఆ ఓడ బొమ్మలాంటిదే. రాస్తే ఈవిడ పరువు బజారున పడుతుంది.

“పేరు మార్చి రాస్తానమ్మా,” అన్నాను.

“చూద్దాంలే. ముందు అన్నం తిను,” అని గోంగూర పచ్చడి వేసి పెట్టారు.

అయిదు గంటల బండికి నాతోపాటు స్టేషను దాకా వచ్చారు. బండి కూత వేశాక కిటికీ పట్టుకుని అన్నారు: “అబ్బాయ్, బూజు సంగతి రాయి. పేరు మార్చమాక. రేపు పంపే బస్తాల మీదా ఆ పేరే ఉంటది.”

నా వెనక ఇదే పనిమీద పల్నాడు వచ్చేవాళ్ళకు నేను చెప్పేదొక్కటే: బోర్డులు చదువుతూ తిరగకండి, సరుకు ఎక్కడ పాడయిందో అడగండి. నరసరావుపేట చేరకముందే జాబితాలో మొదటి పేరు కొట్టేశాను. దాని కింద సుందరమ్మ గారి పేరు రాశాను. బండి కుదుపులకు అక్షరాలు వంకర్లు పోయాయి గానీ, ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాను.