సొరుగులో మోగిన ఫోను

2007 ప్రాంతంలో కడపలో నాకు చిన్న ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. వేర్వేరు పేర్లతో వెబ్‌సైట్లు పెట్టి కడప బండలకు ఆర్డర్లు పట్టి, పాలిష్ యూనిట్లకు ఇచ్చి కమీషన్ తీసుకునేవాణ్ణి. పోటీదారులకు తెలియకూడదని సైట్లలో యజమాని పేరు దాచి, వాటికోసం వేరే సిమ్ కొన్నాను. మా అక్క భర్తకూ బండల యూనిట్ ఉండేది. గుట్టు బయటపడుతుందనే భయంతో బావకు ఒక్క ఆర్డరూ ఇవ్వలేదు.

ఒకరోజు బావ దిగాలుగా సెంటర్‌కు వచ్చాడు.

"ఏమప్పా, ఎవడో సైట్లు పెట్టి నా గిరాకీనంతా లాక్కుంటాండాడు. వాడెవడో రోంత చూసి చెప్పు. నీకు తెలిసిన పనే కదా."

సైట్ తెరిచి, "పేరు కనపడకుండా చేసినాడు బావా" అన్నాను.

"పేరు లేకుంటే యాం, నంబరుండాది కదా" అంటూ బావ తన సెల్‌లో ఆ నంబరు నొక్కాడు.

నా టేబుల్ సొరుగులో ఫోను మోగింది.

అది మోగి మోగి ఆగిపోయింది. "ఎత్తుకోవాల్సిందప్పా, బేరమొచ్చినట్లుండాది" అని బావ లేచి వెళ్లిపోయాడు.

సైట్లన్నీ తీసేశాను. అయినా ఆ ఏడాదే బావ యూనిట్ మూతపడింది. క్షమించమని అడగబోతే మాట మార్చేవాడు.

"మీ బావకు యాపారం చేతగాకపాయ రా" అని అక్క ఇప్పటికీ నా ముందే అంటుంది. బావ తల వంచుకుని అన్నం కలుపుకుంటాడు. నా గుట్టును ఆయన దాస్తున్నాడు. నేనూ తల వంచుకుని అన్నం కలుపుకుంటాను.